ముప్పై డిగ్రీల పేచీ

(ఉక్కు, పోత, లోహాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

గత సంచికలో నిరంతర పోత గురించి రెండు పేజీలు రాశాను. కరిగిన ఉక్కును నీటితో చల్లబరిచే రాగి మౌల్డులోకి పైనుంచి పోస్తూ, పైపొర గట్టిపడిన కడ్డీని కిందినుంచి ఆగకుండా లాగే పద్ధతి అది. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: పోసే తీరు మారితే కడ్డీ లోపలి స్ఫటికాలు ఎందుకు మారతాయి? ఒక ఉత్తరం నా తప్పును పట్టుకుంది. దాన్ని దాచను. మొదట పెట్టేంత పెద్ద మనసు కూడా నాకు లేదు కాబట్టి మూడో ప్రశ్నగా వేశాను.

ప్రశ్న: బిల్లెట్లు (చదరపు ఉక్కు కడ్డీలు) పోసే విభాగంలో షిఫ్ట్ ఇంజనీరుగా చేరి ఏడాదైంది. టండిష్‌లో (మౌల్డుల పైన ద్రవ ఉక్కు నిలిచే తొట్టిలో) ఉష్ణోగ్రత అనుకున్నదానికంటే పది పదిహేను డిగ్రీలు ఎక్కువ వస్తే మా పెద్దాయన మండిపడతారు. పదిహేను వందల డిగ్రీల ఉక్కులో పది డిగ్రీలు ఒక లెక్కా? తక్కువైతే నాజిల్‌లో (ఉక్కు మౌల్డులోకి దిగే గొట్టంలో) ఉక్కు గడ్డకట్టి పోత ఆగిపోతుంది. కాస్త ఎక్కువ ఉండటమే క్షేమం కదా?

జవాబు: నేను మీ పెద్దాయన పక్షం. అయితే మీ వాదన కొట్టిపారేసేది కాదు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

ముందు ఆ పదిహేను వందలను పక్కన పెట్టండి. చూడవలసింది, ఆ ఉక్కు గడ్డకట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రతకు పైన ఎన్ని డిగ్రీలు ఉన్నాయన్నది. సూపర్‌హీట్ అంటే అదే. శుద్ధ ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. 0.2 శాతం కార్బన్ ఉన్న మామూలు ఉక్కు 1515 పరిసరాల్లో, 0.8 శాతం కార్బన్ ఉన్నది 1470 పరిసరాల్లో గడ్డకట్టడం మొదలుపెడతాయి. టండిష్‌లో 1540 చూపిస్తే మొదటిదానికి సూపర్‌హీట్ 25 డిగ్రీలు, రెండోదానికి 70. మొదటిది హాయిగా పోయవచ్చు. రెండోదాన్ని పోస్తే ఆ బిల్లెట్ కొన్నవాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

ఇప్పుడు వేడి లెక్క. ఇందులో మొదటి సగం మీవైపే ఉంది. కిలో ద్రవ ఉక్కు ఒక డిగ్రీ చల్లబడాలంటే సుమారు 0.8 కిలోజౌళ్ల వేడి పోవాలి. ముప్పై డిగ్రీలకు 24 అవుతుంది. అదే కిలో ఉక్కు ద్రవం నుంచి ఘనంగా మారేటప్పుడు వదిలే గుప్తోష్ణం సుమారు 270 కిలోజౌళ్లు. సూపర్‌హీట్ అందులో పదో వంతు కూడా కాదు. కాబట్టి వేడిని బయటికి తోడే పని దృష్టితో చూస్తే మీరన్నట్టు పది డిగ్రీలు ఒక లెక్క కాదు.

రెండో సగం స్ఫటికాలది. మౌల్డు గోడకు తగిలిన ఉక్కు చటుక్కున గడ్డకట్టి సన్నటి గింజల, అంటే చిన్న స్ఫటికాల, పొర అవుతుంది. ఆ పొర నుంచి లోపలికి డెండ్రైట్లు, అంటే కొమ్మలు వేసిన చిన్న చెట్ల వంటి స్ఫటికాలు, వేడి ప్రవహించే దిక్కుకు ఎదురుగా బారులు తీరి పెరుగుతాయి. ఇవి స్తంభాకార స్ఫటికాలు. నాజిల్ నుంచి దూకే ప్రవాహం తగిలి వాటి కొమ్మలు ఎప్పటికప్పుడు మొదలు కరిగి, తెగి, ద్రవంలో కొట్టుకుపోతుంటాయి. లోపలి ద్రవం వేడిగా ఉంటే ఆ ముక్కలు అక్కడే కరిగి మాయమవుతాయి. గడ్డకట్టే ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటే బతికి, అన్ని దిక్కులకూ సమంగా పెరిగి, కిందికి దిగి, పెరిగివస్తున్న బారులకు అడ్డం పడతాయి. అప్పుడు నడుమ భాగమంతా సమాక్ష స్ఫటికాలతో నిండుతుంది. మీరు తేలిగ్గా తీసేసిన పది డిగ్రీలు ఈ ముక్కల చావుబతుకులు తేలుస్తాయి.

ముక్కలు బతకకపోతే నాలుగు వైపుల బారులూ నడుమకు వచ్చి ఒకదానికొకటి తగులుతాయి. ఎక్కువ కార్బన్ బిల్లెట్లలో అవి అక్కడక్కడా వంతెనలా కలిసిపోతాయి. వంతెన కింద చిక్కిన ద్రవం గడ్డకడుతూ మూడు నాలుగు శాతం కుంచించుకుపోతుంది. పైనుంచి కొత్త ఉక్కు దిగే దారి లేదు. దాంతో నడుమ గుల్ల పడుతుంది. దాని చుట్టూ కార్బన్, సల్ఫర్, ఫాస్ఫరస్ పేరుకుంటాయి. గడ్డకట్టే ఉక్కు వాటిని తనలో పూర్తిగా ఇముడ్చుకోక చివరి ద్రవంలోకి నెట్టేస్తుంది; సల్ఫర్‌నైతే దాదాపు పూర్తిగా నెట్టేస్తుంది. ఇలాంటి బిల్లెట్‌ను సన్నటి కడ్డీగా రోల్ చేసి తీగ లాగితే నడుమనున్న పెళుసు భాగం దగ్గర తీగ తెగుతుంది.

అలాగని సూపర్‌హీట్ సున్నాకు దించితే గొప్పా అంటే, కాదు. మీ నాజిల్ భయం నిజమైనదే. మౌల్డులో పైన చల్లే పొడి సరిగా కరగదు, మలినాలు తేలవు, ద్రవం పైఅంచు గడ్డకట్టి కొక్కెంలా లోపలికి వంగుతుంది. చాలా ఉక్కులకు 20 నుంచి 30 డిగ్రీల మధ్య నిలబెట్టగలిగితే నేను సంతోషిస్తాను. పదిహేను దగ్గర పోయగలిగిన బృందాన్ని చూస్తే అసూయపడతాను.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. ఎక్కువ కార్బన్ ఉక్కు, ఆరు స్ట్రాండ్ల యంత్రం, అంటే ఒకేసారి పక్కపక్కన ఆరు కడ్డీలు పోసేది. తీగ తెగుతోందని ఫిర్యాదు వచ్చింది. లాగ్ పుస్తకంలో అన్ని హీట్లకూ (ఒక్కో దఫా ఉక్కుకూ) సూపర్‌హీట్ 28 అని ఉంది. బిల్లెట్లు కోయించి ఆమ్లంలో ఉంచి చూస్తే చివరి స్ట్రాండ్ల ముక్కలు బాగున్నాయి. మధ్య రెండు స్ట్రాండ్లలో మాత్రం బారులు నడుమ దాకా వచ్చి కూర్చున్నాయి. మూడు రోజులు నీళ్లను, నూనెను, మౌల్డును అనుమానించాం. చివరికి తేలిందేమిటంటే, కొలిచే కుర్రవాడు థర్మోకపుల్‌ను టండిష్ చివరి మూలలో ముంచుతున్నాడు. వేడి తక్కువ తగిలే చోటు కాబట్టి అక్కడ నిలబడేవాడు. పాపం, అతని తప్పేమీ లేదు. ఎక్కడ ముంచాలో ఎవరూ చెప్పలేదు. లేడిల్ (టండిష్‌లోకి ఉక్కు పోసే పెద్ద పాత్ర) నుంచి ఉక్కు పడేచోటుకు దగ్గరగా ఉన్న మధ్య స్ట్రాండ్లకు అందేది అంతకంటే వేడి ఉక్కు. పుస్తకంలోని 28 ఆ మూల సంగతే చెబుతోంది. అప్పటి నుంచి ఎవరైనా సూపర్‌హీట్ అంకె చెబితే, ఎక్కడ ముంచారు, ఎప్పుడు ముంచారు అని అడగకుండా ఉండలేను. కొత్త టండిష్ మొదలైన కొన్ని నిమిషాలు ఇటుకలు వేడిని పీల్చుకుంటాయి, లేడిల్ మారేటప్పుడు ఉష్ణోగ్రత మళ్లీ పడిపోతుంది. ఒక్క అంకెతో హీట్ మొత్తాన్ని అంచనా వేయలేం.

ప్రశ్న: డిప్లొమా విద్యార్థిని. ప్రయోగశాలలో మాకు చూపిన స్లాబ్ (వెడల్పాటి ఉక్కు దిమ్మ) ముక్కలో ఒకవైపు స్తంభాకార స్ఫటికాలు పొడవుగా, ఎదుటివైపు పొట్టిగా ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ రెండువైపులా సమానంగా ఉంది. మా ముక్క చెడ్డదా?

జవాబు: ముక్క మంచిదే, మీ కళ్లు ఇంకా మంచివి. ఆ స్లాబ్ వంపు యంత్రంలో పోసినదై ఉంటుంది. అలాంటి యంత్రంలో కడ్డీ నిలువుగా మొదలై, చాపంలా వంగుతూ వచ్చి, చివరికి అడ్డంగా పడుకుంటుంది. ఘన ఉక్కు ద్రవ ఉక్కుకంటే బరువు కాబట్టి, ఇందాక చెప్పిన విరిగిన ముక్కలు కిందివైపు, అంటే చాపం బయటి అంచువైపు, దిగి పేరుకుంటాయి. అక్కడ బారుల ఎదుగుదల తొందరగా ఆగిపోతుంది. పైవైపు అడ్డేమీ ఉండదు కాబట్టి బారులు నడుమ దాటి కూడా వస్తాయి. నిలువు యంత్రంలో పోసినదైతే మీ పుస్తకం బొమ్మకు దగ్గరగా ఉంటుంది. పుస్తకాలు గీసేవారు సౌష్ఠవాన్ని ప్రేమిస్తారు. గురుత్వాకర్షణకు ఆ మోజు లేదు.

ప్రశ్న: గత సంచికలో మీరు ‘వేగం పెంచితే స్లాబ్ పూర్తిగా గడ్డకట్టడానికి ఎక్కువ సేపు పడుతుంది’ అని రాశారు. వర్గమూల సూత్రం ప్రకారం మందం తేలేది కాలాన్ని బట్టి. అందులో వేగం లేనేలేదు. పొరపాటు పడ్డారా?

జవాబు: పడ్డాను. ‘ఎక్కువ దూరం’ అని రాయవలసినచోట ‘ఎక్కువ సేపు’ అని రాశాను. యంత్రం దగ్గర నిలబడి పనిచేసినవాళ్లకు దూరమూ కాలమూ ఒకటే అనిపించే రోగం ఒకటుంది, అది నాకు ఇంకా తగ్గలేదు.

సూత్రం ఇది: గట్టిపడిన గోడ మందం, కాలం వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మందం మిల్లీమీటర్లలో, కాలం నిమిషాల్లో తీసుకుంటే గుణకం ఉక్కుకు 25 నుంచి 30 దాకా ఉంటుంది. 27 అనుకుందాం. 220 మిల్లీమీటర్ల స్లాబ్‌లో రెండువైపుల గోడలూ చెరి 110 పెరిగితే నడుమ కలుస్తాయి. 110ని 27తో భాగించి వర్గం చేస్తే 16.6 నిమిషాలు. నిమిషానికి ఒక మీటరు వేగంతో లాగితే లోపలి ద్రవం కొన 16.6 మీటర్ల దూరాన ఉంటుంది. ఒకటిన్నర మీటర్లతో లాగితే దాదాపు 25 మీటర్ల దూరాన. కాలం అదే, కొన మాత్రం ఎనిమిది మీటర్లు ముందుకు జరిగింది.

మరి వేగం వల్ల లోపలి నిర్మాణానికి ఏమీ కాదా? అవుతుంది, కానీ పక్కదారిన. వేగంగా లాగితే మౌల్డు నుంచి బయటపడే గోడ పలచగా ఉంటుంది, సూపర్‌హీట్ ఇంకా లోతుకు చేరుతుంది, అక్కడ ముక్కలు కరుగుతాయి, బారులు పొడుగవుతాయి. పొడుగాటి ద్రవం బరువుకు రోలర్ల మధ్య గోడ ఉబ్బి, మళ్లీ నొక్కుకుని, నడుమనున్న మలిన ద్రవాన్ని అటూ ఇటూ పంపు చేస్తుంది. స్లాబ్ నడుమ కనిపించే నల్ల గీతలో దీని వాటా తక్కువేమీ కాదు.

ఎక్కువ వేగంకంటే ఊగే వేగం నన్ను ఎక్కువ భయపెడుతుంది. నడుమ గీతను తగ్గించడానికి, ద్రవం కొన ముగిసే ముందు స్లాబ్‌ను రోలర్లతో కొన్ని మిల్లీమీటర్లు మెల్లగా నొక్కే ఏర్పాటు ఉంటుంది. సరైన చోట నొక్కితే అద్భుతంగా పనిచేస్తుంది. నాజిల్ మార్పు కోసమో, లేడిల్ ఆలస్యమైందనో వేగం ఒకటిన్నర నుంచి ఒకటికి దిగిందంటే కొన ఎనిమిది మీటర్లు వెనక్కి పోతుంది. నొక్కుడు రోలర్లు పాతచోటే ఉంటే అప్పటికే గట్టిపడినదాన్ని నొక్కుతూ కూర్చుంటాయి.

మీ ఉత్తరం పుణ్యమా అని ఇంకొక లెక్క కూడా చెప్పుకోవచ్చు. కాలాన్ని నిజంగా మార్చేది వేగం కాదు, మందం. 1989లో అమెరికాలోని క్రాఫర్డ్స్‌విల్‌లో పలుచటి స్లాబ్ పోత వాణిజ్యపరంగా మొదలైంది. మందం 50 మిల్లీమీటర్లు. అదే గుణకంతో లెక్క వేస్తే నిమిషం లోపే నడుమ దాకా గట్టిపడుతుంది. 16.6 నిమిషాలతో పోలిస్తే సుమారు పందొమ్మిదో వంతు. డెండ్రైట్ కొమ్మల మధ్య ఎడం దాదాపు కాలం ఘనమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, పలుచటి స్లాబ్ నడుమలో కొమ్మలు మూడింతలకు కాస్త తక్కువ దగ్గరగా ఉంటాయి. కొమ్మల ఎడం తగ్గినకొద్దీ మలినాలు పేరుకునే జాగాలూ చిన్నవవుతాయి.

ప్రశ్న: మౌల్డు కింద స్ప్రే నీళ్లు బాగా పెంచితే కడ్డీ తొందరగా చల్లబడి స్ఫటికాలు సన్నబడవా?

జవాబు: ఉపరితలంలో కొంత. నడుమ చాలా తక్కువ. గోడ మందమయ్యేకొద్దీ వేడికి అసలు అడ్డంకి ఆ గోడే అవుతుంది. బయట ఎన్ని నీళ్లు పోసినా లోపలి వేడి ఘన ఉక్కు గుండానే నడిచి రావాలి. పైగా లోపలికీ బయటికీ ఉష్ణోగ్రత వాలు ఎంత నిటారుగా ఉంటే స్తంభాకార స్ఫటికాలకు అంత బలం. స్ప్రేలు అయిపోగానే చల్లబడిన ఉపరితలం లోపలి వేడికి మళ్లీ కాగి వ్యాకోచిస్తుంది, లోపలి బారుల మధ్య పగుళ్లు విచ్చుకుంటాయి. ఇక ఉపరితలం 700, 900 డిగ్రీల మధ్యకు దిగి ఉన్నప్పుడు కడ్డీ వంపు తీసి తిన్నగా చేస్తే అంచులు పగలడానికి వేరే కారణం అక్కరలేదు. నీళ్లతో స్ఫటికాలను సన్నబరచాలనే ఆలోచన మానుకోండి.

ప్రశ్న: మా యంత్రానికి విద్యుదయస్కాంత కలియబెట్టే సాధనం బిగించారు. ఆ తర్వాత సల్ఫర్ ప్రింటులో (సల్ఫర్ ఉన్నచోట మరక పడే ఫోటో కాగితంలో) గోడకూ నడుమకూ మధ్య తెల్లటి పట్టీ కనిపిస్తోంది. సాధనం పాడైందా?

జవాబు: లేదు, అతిగా పనిచేస్తోంది. తిరుగుతున్న ద్రవం, గడ్డకడుతున్న అంచును కడుగుతుంది. కొమ్మల మధ్య చిక్కవలసిన కార్బన్, సల్ఫర్ ఎక్కువగా ఉన్న ద్రవం కొట్టుకుపోతుంది. అక్కడ మిగిలిన ఉక్కులో అవి సగటుకంటే తక్కువ, అందుకే ప్రింటులో తెల్లగా కనిపిస్తుంది. కరెంటు కాస్త తగ్గించి చూడండి.

అదే ముక్కను ఆమ్లంలో ఉంచితే ఒక తమాషా కనిపిస్తుంది. కలియబెట్టిన చోట స్తంభాకార స్ఫటికాలు నిటారుగా ఉండవు, ఒక పక్కకు వాలి ఉంటాయి. గాలికి చెట్లు వాలినట్టు ప్రవాహం పోయే దిక్కుకు కాదు, ప్రవాహం వచ్చే దిక్కుకు వాలతాయి. కొత్త ద్రవం ముందు తగిలేది ఎదుటివైపు, అక్కడ పేరుకున్న మలినం కొట్టుకుపోయి ఎదుగుదలకు దారి తెరుచుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు ముక్కను తిరగేసి పట్టుకున్నానేమో అని అనుమానపడ్డాను.

సాధనం మంచిదే. విరిగిన ముక్కలను పెంచుతుంది, సూపర్‌హీట్‌ను త్వరగా వదిలిస్తుంది. ‘ఇక టండిష్ ఉష్ణోగ్రత ఎంతైనా ఫరవాలేదు’ అని దాన్ని అడ్డం పెట్టుకునేవాళ్ల మీదే నా కోపం. యాభై డిగ్రీల సూపర్‌హీట్‌లో కలియబెడితే, విరిగిన ముక్కలను ఇంకా బాగా కరిగించినట్టవుతుంది.

ప్రశ్న: లోహశాస్త్రం బోధిస్తాను. సమాక్ష నిర్మాణం మంచిది, స్తంభాకారం చెడ్డది అని విద్యార్థులకు చెప్పవచ్చా? పైగా రోలింగ్‌లో పోత నిర్మాణం ఎలాగూ చెరిగిపోతుంది కదా, ఇంత పట్టింపు ఎందుకు?

జవాబు: మొదటి ప్రశ్నకు: అంత తేలిగ్గా చెప్పకండి. ముతక సమాక్ష గింజలు నడుమ కుప్పపడి కుంగితే, వాటి సందుల్లోంచి మలిన ద్రవం జారి వి ఆకారపు చారలు వేస్తుంది. పొడవైన బారులున్న ముక్కలో ఒకే గీత. ఇక్కడ చెల్లాచెదురు మచ్చలు. ఏది నష్టమో ఆ ఉక్కు ఏ పనికి పోతుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

రెండోదానికి: గింజలు చెరిగిపోతాయి, రసాయనం చెరగదు. మామూలు ఉక్కు చల్లబడుతూ రెండుసార్లు తన స్ఫటిక రూపం మార్చుకుంటుంది, కాబట్టి పోతలో పుట్టిన గింజలు మిగలవు. కొమ్మల మధ్య పేరుకున్న మాంగనీస్ మాత్రం దాదాపు ఉన్నచోటే ఉండి, రోలింగ్‌లో సాగి, ప్లేటులో పట్టీలుగా కనిపిస్తుంది. సుమారు 17 శాతం క్రోమియం ఉన్న ఫెరిటిక్ స్టెయిన్‌లెస్ కథ వేరు. అది చాలావరకు ఒకే స్ఫటిక రూపంలో ఉండిపోతుంది కాబట్టి స్తంభాకార గింజల వాసన రేకు దాకా వదలదు. రేకును సాగదీస్తే ఉపరితలంపై గాడుల్లాంటి గీతలు తేలతాయి. అందుకే ఆ ఉక్కులో టైటానియం నైట్రైడ్ కణాలను పుట్టించి, వాటి మీద కొత్త గింజలు మొలిచేలా చేస్తారు. తరగతిలో మీకు కావలసిన ఉదాహరణ ఇదే అనుకుంటాను.

ప్రశ్న: మౌల్డు పైకీ కిందికీ ఊగడం వల్ల కడ్డీ మీద పడే అడ్డగీతలు లోపలి స్ఫటికాలను మారుస్తాయా?

జవాబు: నడుమ వాటిని మార్చవు. గీత అడుగున గోడ పలచగా, గింజలు ముతకగా ఉంటాయి; పగుళ్లు అక్కడే మొదలవుతాయి. 0.09 నుంచి 0.17 శాతం కార్బన్ ఉన్న ఉక్కుల్లో గడ్డకట్టిన వెంటనే అదనపు సంకోచం ఉంటుంది కాబట్టి ఈ గీతలు మరీ లోతుగా పడతాయి.

ప్రశ్న: మా కళాశాలలో ఒక బిల్లెట్ ముక్క దొరికింది. లోపలి నిర్మాణం మేమే చూడాలంటే ఎలా?

జవాబు: అడ్డంగా ఒక పలక, నిలువుగా నడిమధ్య నుంచి ఒక పలక కోయించండి. అడ్డం కోత ఒక్కటే చూస్తే వంతెనలు దొరకవు. రెండు వంతెనల మధ్య కోత పడితే బిల్లెట్ బాగుందనే అనుకుంటారు. మిల్లింగ్ చేసి, నునుపుగా రుద్ది, హైడ్రోక్లోరిక్ ఆమ్లం సగం, నీళ్లు సగం కలిపిన ద్రావణంలో 70, 80 డిగ్రీల మధ్య ఉంచండి. పావుగంట తర్వాత తీసి చూడండి, చాలకపోతే మళ్లీ దించండి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో కాదు. పొగ బయటికి లాగే గూడు లేకపోతే ఈ పని పెట్టుకోవద్దు. సల్ఫర్ ప్రింటు చూడాలంటే పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానబెట్టిన ఫోటో కాగితాన్ని ముక్కకు అద్ది ఉంచితే సల్ఫర్ ఉన్నచోట గోధుమరంగు మరకలు వస్తాయి. సల్ఫర్ బాగా తక్కువున్న నేటి ఉక్కుల్లో ఆ కాగితం దాదాపు ఏమీ చెప్పదు. పిక్రిక్ ఆమ్లం జోలికి విద్యార్థులు సొంతంగా వెళ్లవద్దు; ఎండితే అది పేలుడు పదార్థం.

కోయించే ముందే, యంత్రంలో పైవైపు ఏదో తెలిస్తే ముక్క మీద గట్టిగా పంచ్ కొట్టి గుర్తు పెట్టించండి. సుద్దతో రాస్తే ఆమ్లంలో పోతుంది. ఏది పైన, ఏది కింద అని రెండు రోజులు వాదించుకున్న అనుభవంతో చెబుతున్నాను.